పెరటి చెట్టు, పక్కింటి కల్వం



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థమో ఆయన పేరు మీ చేతిలోని కరపత్రం మీద ఉంది. నేను మళ్ళీ చెప్పను. ఆయన ఉన్నన్నాళ్ళూ మాలో ఎవరమూ ఆయన్ని పేరు పెట్టి పిలవలేదు. గురువుగారు అనేవాళ్ళం. ఇవాళ చేతికి మైకు వచ్చింది కదా అని ఆ అలవాటు తప్పలేను.

ఆయన కార్ల సీట్ల ఇంజనీరు. ఈ మాట వినగానే చాలామంది నవ్వేవాళ్ళు. ఇంజన్ అంటే గౌరవం, గేర్‌బాక్స్ అంటే గౌరవం, సీటు అంటే ఏముంది, స్పాంజి, గుడ్డ! ఆయన మాత్రం అదే ఉత్సాహంతో చెప్పేవారు. కారు బయట భాగమంతా గాలితోనూ రోడ్డుతోనూ మాట్లాడుతుంది, లోపలి భాగం ఒక్కటే మనిషితో మాట్లాడుతుంది, అందుకే లోపలి పని కష్టం అని. ఆయన చాలా ఏళ్ళు చేసిన పని మీ అందరికీ తెలిసిందే, చేసినవాడు ఎవరో తెలియదంతే. ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకోకపోతే టింగు టింగుమని మోగుతుంది చూడండి, ఆ మోతకి మూలం సీటు గుడ్డ కింద ఉంటుంది. రెండు పల్చటి ప్లాస్టిక్ పొరలు, వాటి లోపలి వైపు కరెంటు పారే సిరాతో అచ్చువేసిన గీతలు. పైన బరువు పడితే పొరలు ఒకదానికొకటి తగులుతాయి, సర్క్యూట్ మూసుకుంటుంది, సీట్లో ఎవరో ఉన్నారని కారుకి తెలుస్తుంది.

ఎవరో అన్నాను. అక్కడే ఉంది చిక్కంతా. ఇరవై కిలోల సోనా మసూరి బస్తా పక్క సీట్లో పెట్టుకుని ఇంటికి బయల్దేరిన ప్రతి తెలుగువాడికీ ఆ చిక్కు అనుభవమే. బస్తాకి బెల్టు పెట్టమని ఇల్లు చేరేదాకా ఒకటే గోల. "సీటుకి బరువు తెలుసురా, మనిషి తెలియదు" అనేవారు గురువుగారు. బరువుని కాకుండా మనిషిని గుర్తుపట్టే సీటు కోసం ఆయన ఒక ఉపాయం ఆలోచించి, కాగితాల మీద గీసి పైవాళ్ళకిచ్చారు. ఆ కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. కాగితాలు సొరుగులోకి వెళ్ళాయి. కొన్నాళ్ళకి అలాంటిదే ఇంకో దేశం నుంచి డబ్బు పోసి కొన్నారని ఆయనే నవ్వుతూ చెప్పారు. చెప్పి, ఎప్పుడూ అనే సామెతే అన్నారు: పెరటి చెట్టు మందుకు పనికిరాదు.

ఆ సామెత మీద ఆయనకీ నాకూ పదిహేనేళ్ళు వాదన నడిచింది. ఇవాళ ఆయన లేరు కనుక నాదే పైచేయి అనుకోకండి. ఆయన పక్షాన బలమైన సాక్షులున్నారు. మొదటి సాక్షి మనం రోజూ దాటిపోయే చోటే పనిచేశాడు. మన టార్నీట్, పాయింట్ కుక్‌ల నుంచి మెల్‌బోర్న్ నగరానికి వెళ్తూ వెస్ట్‌గేట్ వంతెన దిగగానే వచ్చే ఫిషర్మన్స్ బెండ్, అక్కడి ఏరోనాటికల్ రీసెర్చ్ లేబొరేటరీస్. మనిషి పేరు డేవిడ్ వారెన్.

వారెన్ 1925లో ఆస్ట్రేలియా ఉత్తరాన గ్రూట్ ఐలాండ్ అనే దీవిలో పుట్టాడు. తండ్రి అక్కడ మిషనరీ. 1934 అక్టోబరులో ఆ తండ్రి ఎక్కిన మిస్ హోబర్ట్ అనే విమానం టాస్మేనియాకీ మెల్‌బోర్న్‌కీ మధ్యనున్న బాస్ జలసంధి మీద మాయమైంది. అందులో ఉన్న పన్నెండు మందిలో ఒక్కరూ దొరకలేదు. పిల్లవాడికి అప్పుడు తొమ్మిదేళ్ళు. తండ్రి చివరిసారిగా ఇచ్చిన కానుక ఒక క్రిస్టల్ రేడియో సెట్టు. బ్యాటరీ అక్కర్లేకుండా, చెవికి పెట్టుకుంటే గాల్లోంచి మాటలు పట్టి వినిపించే బొమ్మలాంటి పరికరం. పిల్లవాడు దాంతోనే రేడియోల పిచ్చిలో పడ్డాడు. కథలు రాసేవాడెవడైనా ఇలా రాస్తే మరీ అతికినట్టుందని కొట్టేస్తాం. జీవితానికి ఆ మొహమాటం లేదు.

చదువుకున్నది మాత్రం రసాయనశాస్త్రం. లండన్ ఇంపీరియల్ కాలేజీలో డాక్టరేట్, ఇంధనాల మీద. అప్పుడే కామెట్ విమానాలు కూలడం మొదలైంది. ప్రపంచంలో ప్రయాణికులను మోసిన తొలి జెట్ అది. 1953 మే 2న ఒక కామెట్ కలకత్తా డమ్‌డమ్‌లో లేచిన కొద్ది నిమిషాలకే తుఫాను గాలిలో ముక్కలైంది, నలభై ముగ్గురూ పోయారు. కారణాలు వెతికే చర్చకి మెల్‌బోర్న్‌లో కూర్చున్నవాళ్ళలో ఇంధనం తెలిసినవాడిగా వారెన్ ఒకడు. ఇంధనమా, రెక్కా, పైలట్ తప్పా అని తలొక మాటా అంటున్నారు. వారెన్ మనసు మాత్రం ఎక్కడికో పోయింది. సిడ్నీలో ఒక ప్రదర్శనలో ఆయన మినిఫోన్ అనే జర్మన్ యంత్రాన్ని చూశాడు, జేబులో పట్టే రికార్డరు, సన్నటి ఉక్కు తీగ మీద మాట ముద్రిస్తుంది. అలాంటిది ఒకటి ఆ విమానంలో ఉండి, ఒక్క తీగ ముక్క దక్కి ఉంటే ఈ వాదనే అక్కర్లేదు కదా!

నాకు ఇక్కడ ఆశ్చర్యం కలిగించేది యంత్రం కాదు, ప్రశ్న. విమానంలో ఏం విరిగిందని అందరూ అడుగుతుంటే, లోపలున్నవాళ్ళు ఏమనుకున్నారని అడిగింది ఆయన ఒక్కడే. ఎత్తు, వేగం రాసిపెట్టే పరికరాలు అప్పటికే ఇతర దేశాల్లో ఉన్నాయి, ఆ ఘనత ఆయనకి అంటగట్టనక్కర్లేదు. పైలట్ల మాటనీ మీటర్ల లెక్కనీ కలిపి ఒకే తీగ మీద, పాతది చెరిపేసుకుంటూ కొత్తది రాసుకుంటూ, చివరి నాలుగు గంటలు ఎప్పుడూ చేతిలో ఉండేలా చెయ్యడం ఆయనది. 1954లో ఒక చిన్న నివేదిక రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఇంకెవరితోనైనా, చివరికి నాతోనైనా ఈ మాట ఎత్తితే నీ ఉద్యోగం తీయాల్సి వస్తుందని పై అధికారి హెచ్చరించాడట. హెచ్చరించినవాడు లోపల తన పక్షమేనని కూడా వారెన్ తరువాత చెప్పేవాడు. చాటుమాటుగా నమూనా తయారైంది. పౌర విమానయాన శాఖ దీనివల్ల ఇప్పట్లో పెద్ద ఉపయోగం లేదని జవాబిచ్చింది. వాయుసేన, ఇందులో వివరాల కన్నా బూతులే ఎక్కువ పడతాయంది. పైలట్ల సంఘం, పక్కన గూఢచారిని కూర్చోబెట్టుకుని విమానం నడపబోమంది.

1958లో ఇంగ్లండ్ నుంచి సర్ రాబర్ట్ హార్డింగ్‌హామ్ అనే అధికారి ఆ ప్రయోగశాలకి వచ్చాడు. మధ్యాహ్న భోజనం వేళ, కార్యక్రమంలో లేని ఈ పరికరాన్ని చూపించారు. ఆయన చూసిన మరుక్షణం ఈ కుర్రాణ్ణి తరువాతి విమానంలోనే లండన్ పంపమన్నాడు. లేన్ సియర్, కెన్ ఫ్రేజర్, వాల్టర్ బాస్వెల్ అనే సహచరులతో కలిసి వారెన్ దాన్ని మెరుగుపరిచాడు. తయారై అమ్ముడుపోయింది మాత్రం ఇంగ్లండులో, గుడ్డు ఆకారంలో, ఎర్రటి రంగులో.

మరి పెరట్లో? 1960 జూన్ 10న క్వీన్స్‌లాండ్‌లోని మకాయ్ దగ్గర, పొగమంచులో దిగబోతూ ఒక ఫోకర్ విమానం సముద్రంలో పడింది. ఇరవై తొమ్మిది మంది. కారణం తేలలేదు. విచారణ జరిపిన న్యాయమూర్తి విమానాల్లో రికార్డరు పెట్టాలని గట్టిగా సిఫార్సు చేశాడు. అప్పుడుగానీ ప్రభుత్వం కదల్లేదు. కదిలాక కాక్‌పిట్ మాటల రికార్డింగును తప్పనిసరి చేసిన తొలి దేశం ఆస్ట్రేలియాయే. వారెన్‌కి దాని మీద డబ్బేమీ రాలేదు. 2002లో దేశం పురస్కారం ఇచ్చింది. 2010 జులైలో, ఎనభై ఐదేళ్ళ వయసులో పోయాడు. శవపేటిక మీద ఒక చీటీ అంటించారు: ఫ్లైట్ రికార్డర్ కనిపెట్టినవాడు, తెరవకూడదు. ఈ మాట మొదటిసారి చెప్పినప్పుడు గురువుగారు కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వారు. బ్లాక్ బాక్స్ అని పేరే గానీ దాని రంగు నారింజ అని కూడా ఆయనే నాకు చెప్పారు, శిథిలాల్లో సులువుగా కనపడాలని.

ఇంతవరకూ సామెత నెగ్గినట్టే ఉంది. కానీ నా వాదన ఇక్కడే మొదలయ్యేది. గురువుగారూ, పైలట్లు దీన్ని వద్దన్నది వారెన్ పొరుగువాడు కాబట్టి కాదు, తమ మాటలు ఎవరో వింటున్నారని కాబట్టి. అది లండన్‌లో పుట్టినా వద్దనేవాళ్ళే. కూర్చున్న చోట మనల్ని గమనించే వస్తువంటే ఎవరికీ గిట్టదు. సీటు బెల్టు సంగతే చూడండి. మూడు చోట్ల బిగించే బెల్టు స్వీడన్‌లో వోల్వో ఇంజనీరు నీల్స్ బోలిన్ 1959లో చేసినది, పొరుగింటి పుల్లకూర. పెట్టుకోకపోతే నేరమని ప్రపంచంలో మొదట చట్టం తెచ్చింది మాత్రం మన విక్టోరియా, 1970 డిసెంబరులో. ఆ ఏడాది ఈ రాష్ట్రంలో రోడ్ల మీద 1,061 మంది పోయారు. జనాభా ఇంత పెరిగాక కూడా ఈమధ్య ఆ సంఖ్య మూడు వందల లోపే ఉంటోంది. బెల్టుని ఊరుకున్నారెందుకంటే అది మనిషిని పట్టుకుంటుందే గానీ మనిషిని గురించి ఎవరికీ చెప్పదు.

చెప్పే వస్తువు కథ వేరు. కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో రోబోల మీద పనిచేస్తున్న అలెక్స్ జెలిన్‌స్కీ బృందం మనిషి ముఖం ఎటు తిరిగింది, చూపు ఎటు పోతోంది అని కెమెరాతో పట్టే పద్ధతి తయారుచేసింది. రోబోకి మనిషి చూపు అర్థం కావాలని మొదలైన పని. వోల్వోవాళ్ళు చూసి ఇది కారులో పనికొస్తుందన్నారు. మళ్ళీ పక్కింటివాళ్ళే, గమనించండి. 2000లో ఆ పరిశోధనలోంచి సీయింగ్ మెషీన్స్ అనే కంపెనీ పుట్టింది. 2005లో షేర్లు అమ్మకానికి పెట్టింది సిడ్నీలో కాదు, లండన్‌లో.

పని చేసే తీరు చెబుతాను, ఎందుకంటే దీనితో నాకు సొంత లెక్క ఒకటుంది. డ్రైవరు ఎదురుగా చిన్న కెమెరా, పక్కన కంటికి కనపడని పరారుణ కాంతి దీపాలు. చీకట్లోనూ, చాలా రకాల నల్లకళ్ళజోళ్ళ లోంచీ కూడా కంటిపాప దొరుకుతుంది. రెప్ప పడటం మామూలే. లెక్కపెట్టేది రెప్ప ఎంత కిందికి దిగింది, ఎంతసేపు అక్కడే ఉండిపోయింది అన్నది. ఒక నిమిషంలో కళ్ళు దాదాపు మూసుకుని ఉన్న సమయం శాతంగా తీస్తే, కునుకు వచ్చే ముందే ఆ శాతం పెరుగుతుంది. మనకి నిద్ర వస్తోందని మన రెప్పకి మనకన్నా ముందు తెలుస్తుంది. నేను చదువుకునే రోజుల్లో రాత్రిళ్ళు టాక్సీ నడిపాను. ఒకనాడు తెల్లవారుజామున మూడింటికి వెస్టర్న్ రింగ్ రోడ్డు మీద, తెల్లగీత అంచున గరుకుగా వేసిన పట్టీ మీదకి టైరు ఎక్కి గరగరమన్నప్పుడు మెలకువ వచ్చింది. వెనక సీట్లో మనిషి ఉన్నాడు. ఆయన కూడా నిద్రపోతున్నాడు, అదృష్టం. ఈ సంగతి ఇంట్లో ఇప్పటిదాకా చెప్పలేదు. ఇవాళ చెప్పేశాను.

ఆ కెమెరా మొదట బాగా కుదురుకున్నది గనుల్లో, వందల టన్నులు మోసే ట్రక్కుల్లో, పన్నెండు గంటల షిఫ్టుల్లో. తరువాత 2017లో అమెరికాలో కాడిలాక్ కారులోకి ఎక్కింది. స్టీరింగ్ మీంచి చెయ్యి తీయొచ్చు, రోడ్డు మీంచి చూపు తీయకూడదు అనే షరతుకి అది కాపలా. ఇక యూరోపియన్ యూనియన్‌లో 2024 జులై నుంచి ప్రతి కొత్త కారులో కునుకు హెచ్చరిక ఉండి తీరాలని నియమం. మన హైదరాబాద్, బెంగళూరు మధ్య రాత్రి తిరిగే బస్సుల డ్రైవర్ల ఎదుట ఇది ఉంటే ఎంత బాగుండునని మీలో చాలామంది అనుకుంటున్నారు, నాకు తెలుసు. నేనూ అనుకుంటాను. ఒక మాట మాత్రం కలుపుకోవాలి. రెప్ప వాలిందని మోగే గంట ఆ డ్రైవరుకి నిద్రని ఇవ్వదు. రెండో డ్రైవరుని పెట్టే ఖర్చు మిగుల్చుకోవడానికి కెమెరా కొనే యజమానులు ఉంటారు. ఆనాడు పైలట్లు గూఢచారి అన్నప్పుడు వాళ్ళు మరీ మూర్ఖులేమీ కాదు. రికార్డు ఎవరి చేతికి పోతుందన్నది వాళ్ళ అసలు బెంగ.

సరే, రెండో సాక్షి. ఈమె రసాయనశాస్త్రంలోంచి వచ్చింది. గ్రీసు దేశంలో కాలిమ్నోస్ దీవిలో పుట్టి, చిన్నప్పుడే తల్లిదండ్రులతో సిడ్నీ చేరిన మరియా స్కిల్లాస్ కజాకోస్. 1980లలో న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీలో వెనేడియం బ్యాటరీ చేసింది. అదేమిటో తెలుగువాళ్ళకి చెప్పడం సులువు. శ్రీశైలం ఎడమగట్టు పవర్‌హౌస్ గుర్తు తెచ్చుకోండి. ఆరు యూనిట్లు, ఒక్కొక్కటి 150 మెగావాట్లు. కరెంటు కావాల్సినప్పుడు నీళ్ళు కిందికి వదులుతారు, కరెంటు మిగిలినప్పుడు అవే యంత్రాలు తిరగబడి నీళ్ళు పైకి తోడతాయి. యంత్రం వేరు, నీళ్ళ నిల్వ వేరు. ఈ బ్యాటరీ కూడా అంతే. శక్తి ఉండేది రెండు పెద్ద తొట్లలోని ద్రవంలో, మధ్యలో ఒక చిన్న యంత్రం, పంపులు. నిల్వ ఎక్కువ కావాలంటే తొట్టి పెద్దది చెయ్యడమే.

అంతకుముందు అమెరికాలో నాసావాళ్ళు ఒక తొట్టిలో ఇనుము, ఒక తొట్టిలో క్రోమియం పెట్టి చూశారు. మధ్యలో పొర ఎంత మంచిదైనా ఇది కాస్త అటూ అది కాస్త ఇటూ కారి ద్రవం పాడయ్యేది. ఈమె రెండు తొట్లలోనూ ఒకే లోహం పెట్టింది. వెనేడియానికి నాలుగు అవస్థలున్నాయి, నాలుగూ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో నాలుగు రంగులు: ఊదా, ఆకుపచ్చ, నీలం, పసుపు. ఛార్జి ఎంతుందో రంగు చూసి చెప్పొచ్చు. ఇటుది అటు కారినా పరాయిది కాదు, మళ్ళీ ఛార్జి చేస్తే సర్దుకుంటుంది. వినడానికి ఇంత తేలికైన ఆలోచన ముందెవరికీ ఎందుకు సాగలేదంటే, పసుపు రంగు అవస్థ కావలసినంత కరగదని అందరూ వదిలేశారు. ఆమె బృందం దాన్ని నేరుగా కరిగించే ప్రయత్నం మానేసింది. బాగా కరిగే నీలంతో ద్రవం చేసి, దాన్నే బ్యాటరీలో కరెంటుతో పసుపుగా మార్చింది. ఉప్పు నీళ్ళలో కరగకపోతే, కరిగినదాన్నే ఉప్పుగా మార్చుకున్నట్టు. 1986లో పేటెంటుకి దరఖాస్తు పెట్టారు.

కారులో ఇది ఎందుకు లేదని గురువుగారు అడిగితే లెక్క వేశాం. లీటరు ద్రవంలో పట్టేది సుమారు పాతిక వాట్ అవర్లు. ఓ మోస్తరు కరెంటు కారుకి యాభై కిలోవాట్ అవర్లు కావాలి. అంటే రెండువేల లీటర్లు! కారు వెనక పెళ్ళిళ్ళకి నీళ్ళు తెచ్చే ట్యాంకరు కట్టుకోవాలి. ఆ యూనివర్సిటీవాళ్ళు దీనితో గోల్ఫ్ బండిని నడిపి చూపించారు, అక్కడితో ఆగారు. ఇది ఊళ్ళకీ గ్రిడ్డుకీ పనికొచ్చే చెట్టు. బాస్ జలసంధిలోని కింగ్ ఐలాండ్‌లో 2003లో గాలిమరల పక్కన ఒకటి పెట్టారు, ఎక్కువకాలం నడవలేదు. వారెన్ తండ్రి మాయమైన నీళ్ళు కూడా అవే. దీనికి అర్థమేమీ లేదు, ఊరికే గుర్తొచ్చింది. ఆ తరువాత పెద్దవన్నీ బయటే. జపాన్ హొక్కైడోలో సుమిటోమో 60 మెగావాట్ అవర్లది కట్టింది. చైనా డాలియన్‌లో 2022లో 400 మెగావాట్ అవర్లది గ్రిడ్డుకి కలిపారు. కారుకి పనికొచ్చే అల్ట్రా బ్యాటరీ అనే ఇంకోదానిదీ అదే దారి. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓలో లాన్ లామ్ బృందం మామూలు సీసం బ్యాటరీలోనే సూపర్ కెపాసిటర్ కలిపి చేసింది. హోండా హైబ్రిడ్ కారులో బిగించి ఇంగ్లండులో లక్షా అరవై వేల కిలోమీటర్లు తిప్పారు. చేసి అమ్మింది జపాన్‌లో ఫురుకావా, అమెరికాలో ఈస్ట్ పెన్.

చూశావా, అనేవారు గురువుగారు. చూశానండీ, కానీ సామెతని సగమే వింటున్నారు. పెరటి చెట్టు ఆకు ఆకులా మందు కాదు. కోయాలి, ఎండబెట్టాలి, కల్వంలో వేసి నూరాలి, పుటం పెట్టాలి. వైద్యుడి ఇంట్లో కల్వం ఉంటే పెరటి చెట్టే మందవుతుంది, లేకపోతే కల్వం ఉన్న ఇంటికి ఆకు పోతుంది. ఫిషర్మన్స్ బెండ్‌లో ఆలోచన ఉంది, దాన్ని వేల సంఖ్యలో చేసి విమానాలకి అమ్మే ఫ్యాక్టరీ లేదు. బ్యాటరీ చేసిన సిడ్నీలో బొగ్గు కరెంటు చవకగా, కావలసినంత దొరికేది. నిల్వ చేసుకునే అవసరం దీవులున్న జపాన్‌కి ముందు వచ్చింది. ఇందులో అసూయ పాత్ర తక్కువ, కల్వం పాత్ర ఎక్కువ. ఉన్న కల్వాలు కూడా పగిలాయి. 2016 అక్టోబరులో ఫోర్డ్, 2017 అక్టోబరు 3న మన పక్కనే ఉన్న అల్టోనాలో టొయోటా, అదే నెల 20న ఎలిజబెత్ అనే ఊళ్ళో హోల్డెన్. పదమూడు నెలల్లోపే ఈ దేశంలో కార్లు చేసే మూడు కంపెనీలూ ఫ్యాక్టరీలు మూసేశాయి. సీట్లు చేసేవాళ్ళకి సీటు పెట్టడానికి కారు లేదు.

ఈ మాట అన్నప్పుడు గురువుగారు చాలాసేపు ఏమీ అనలేదు. ఆ మూసివేతలకి ముందే రిటైరైనా, ఆయన శిష్యులు చాలామంది వాటిలో రోడ్డున పడ్డారు. తరువాత అన్నారు: "నీ కల్వం సంగతి ఒప్పుకుంటాను. కానీ నా కాగితాలు సొరుగులో పెట్టినవాడి దగ్గర కల్వం ఉందిరా." దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. అందుకే మొదట్లోనే చెప్పాను, పైచేయి నాది కాదని.

ఆ కాగితాలు గురువుగారి భార్య దగ్గర, మేం అమ్మగారు అని పిలిచే ఆమె దగ్గర, భద్రంగా ఉన్నాయి. నిన్న ఈ ఉపన్యాసం కోసం చూడ్డానికి వెళ్తే, అమ్మగారు అప్పుడే దుకాణం నుంచి వచ్చి కారు ఆపుతున్నారు. పక్క సీట్లో బియ్యం బస్తా, దాని చుట్టూ బెల్టు, చక్కగా బిగించి ఉంది. గోల ఎందుకు, పెట్టేస్తే పోలేదూ అన్నారు. బస్తా నేను దింపుతానంటే, ముందు బెల్టు తియ్యి నాయనా అన్నారు.